తిరుగు టికెట్ వదులుకోగలిగితేనే మంచుకొండ ఎక్కండి: కోస్తావాళ్ళకు స్కీయింగ్ జాగ్రత్తలు

మే నెల ఎండలో బందరు రోడ్డు మీద తిరిగే మనకు ఎండ గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. వడగాలి వీచే రోజు పెద్దవాళ్ళను మధ్యాహ్నం గడప దాటనివ్వం, ఉప్పేసిన మజ్జిగ తాగుతాం, జేబులో ఉల్లిపాయ వేసుకుని బయల్దేరేవాళ్ళూ ఉన్నారు. పుట్టి పెరిగిన చోటు నేర్పిన తెలివి అది. మంచు దగ్గర మనకా తెలివి లేదు. కశ్మీర్ కొండల్లో, గుల్మార్గ్‌లో పుట్టిన కుర్రాడు పొద్దున్నే కొండవైపు ఓసారి చూసి "ఇవాళ వద్దు" అంటాడు. అదే కొండను చూసి మనం ఫోన్ తీసి వీడియో మొదలెడతాం.

స్కీయింగ్ అంటే కాళ్ళకు స్కీలనే పొడవాటి పలకలు కట్టుకుని మంచువాలు మీద జారడం. దానికోసం ఐదు చలికాలాలుగా ఉత్తరాఖండ్‌లోని ఔలీ, కశ్మీర్‌లోని గుల్మార్గ్, మనాలీ దగ్గరి సోలాంగ్ తిరుగుతున్నాను. గొప్ప స్కీయర్నేం కాదు. నాకు అర్థమైంది ఒకటే: పైన ప్రాణం నిలబెట్టే నిర్ణయాల్లో చాలావరకు ఇక్కడే, బెజవాడలో ఫ్యాను కింద కూర్చుని తీసేసుకోవాలి. అక్కడ వేళ్ళు కొయ్యబారి, గాలి చాలక తల దిమ్మెక్కి, పక్కనున్నవాళ్ళు "పద పద" అని తొందరపెడుతుంటే బుర్ర మన చేతిలో ఉండదు. అందుకే కింద చెప్పే పనుల్లో సగం ఇల్లు కదలకముందు చేయాల్సినవే.

1. రెండు రోజులు ఖాళీగా ఉంచుకోండి

మొదటిసారి నలుగురం ఔలీ వెళ్ళాం. ఢిల్లీలో తిరుగు రైలు ఆదివారం. శుక్రవారం సాయంత్రం మంచు మొదలైంది. "పొద్దున చూద్దాం సార్" అన్నాడు డ్రైవరు. మేమే బతిమాలి రాత్రికి రాత్రి బయల్దేరదీశాం. ఔలీ కిందనున్న జోషీమఠ్ ఊరు దాటాక ఓ మలుపులో బండి అడ్డంగా జారి రాతికట్టకు ఆనుకుని ఆగింది. కట్ట కింద అలకనంద నది. నాలుగు స్లీపరు బెర్తుల కోసం చేసిన పని అది.

అప్పటినుంచి నా లెక్క ఇది: కొండలో ఐదు రోజులు కావాలంటే ఏడు రోజులకు సెలవు పెట్టాలి. తిరుగు టికెట్ రద్దు చేసుకుంటే పోయే డబ్బును ఖర్చులో ముందే రాసేసుకోవాలి. ఆ డబ్బు పోయిందనే అనుకోండి, మిగిలితే లాభం. జట్టులో ఒక్కరు "వెనక్కి పోదాం" అన్నా అందరూ వెనక్కి తిరగాలని, కారణం అడగకూడదని రైలెక్కకముందే ఒప్పందం చేసుకోండి. కొండల్లో అన్నిటికన్నా చెడ్డ మాట "బావా, ఇంత దూరం వచ్చి పోతామా?" అనేదే. మన ఊరి నుంచి దూరం మరీ ఎక్కువ కాబట్టి ఆ మాట మన నోట త్వరగా వస్తుంది.

వేసవి అయితే ఫర్వాలేదనుకోకండి. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ దారిలో కర్ణాటక నుంచి వెళ్ళిన ట్రెక్కర్లు మంచుగాలిలో చిక్కుకున్నారు, వాళ్ళలో తొమ్మిది మంది చనిపోయారు. మనలాగే దక్షిణాది నుంచి వెళ్ళినవాళ్ళే.

2. కాళ్ళు, గుండె, ఊపిరి

స్కీయింగ్ అంటే గంటల తరబడి గోడకుర్చీ వేయడం. బళ్ళో మాస్టారు వేయించిన శిక్షే ఇక్కడ వ్యాయామం. ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు మొదలుపెట్టండి. గోడకుర్చీ నిమిషం చొప్పున ఐదుసార్లు, గుంజీళ్ళు, ఒంటికాలి మీద నిలబడటం. వారానికి రెండుసార్లు మంగళగిరి పానకాలస్వామి మెట్లు ఎక్కండి. గుంటూరు వాళ్ళకు కొండవీడు ఉండనే ఉంది. ఎక్కడం ఊపిరికి, దిగడం తొడలకు. స్కీయింగ్‌లో పనికొచ్చేది ఆ దిగడమే, కాబట్టి దిగేటప్పుడు పరిగెత్తకుండా నెమ్మదిగా దిగండి. బెజవాడ, గుంటూరు రెండూ దాదాపు సముద్రమట్టంలోనే ఉన్నాయి. ఇక్కడ ఎంత కసరత్తు చేసినా ఎత్తుకు శరీరం ముందే అలవాటు పడదు, కేవలం అలుపు తగ్గుతుంది. ఆ తేడా మరిచి జిమ్ కుర్రాళ్ళు ఎక్కువగా దెబ్బతింటారు.

నలభై ఐదు దాటినవాళ్ళు, బీపీ, షుగరు, ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరుకు చూపించుకున్నాకే టికెట్ తీయాలి. ఎత్తు జబ్బు రాకుండా వాడే అసిటజోలమైడ్ మాత్రను, అంటే డయామాక్స్‌ను, ఎవరో చెప్పారని మెడికల్ షాపులో కొని మింగకండి. సల్ఫా మందులు పడనివాళ్ళ విషయంలో డాక్టరు ఆలోచించి చెప్పాలి. ఇన్సులిన్ వాడేవాళ్ళు దాన్ని లోపలి జేబులో ఒంటికి ఆనించి మోయాలి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. షుగరు చూసే మిషను కూడా గడ్డకట్టే చలిలో తప్పు చూపిస్తుంది.

3. బట్టలు

నూలు బట్ట మన ఎండకు దేవుడిచ్చిన వరం. మంచులో అదే శత్రువు. చెమట పీల్చుకుని ఆరదు, తడిబట్ట ఒంటి వేడిని లాగేస్తుంది. ఒంటిని అంటుకునేది సింథటిక్ లేదా మెరినో ఉన్ని థర్మల్, దానిమీద మెత్తటి నూగు బట్ట ఫ్లీస్, పైన గాలినీ తడినీ ఆపే జెర్కిన్, ప్యాంటు. జీన్స్ ఇంట్లోనే వదిలేయండి. చలికాలంలో మన ఊళ్ళో రోడ్డు పక్కన కొనే స్వెట్టరు మధ్య పొరగా పనికొస్తుంది, పై పొరగా పనికిరాదు. ఆగినప్పుడు వేసుకోడానికి ఈక జాకెట్ ఒకటి బ్యాగులో పొడిగా ఉంచుకోండి, అది తడిస్తే మాత్రం ఎందుకూ కొరగాదు.

చెమట పట్టకముందే ఒక పొర తీసేయాలి, వణుకు రాకముందే ఒక పొర వేసుకోవాలి. ఇది అలవాటయ్యేసరికి నాకు రెండేళ్ళు పట్టింది. గ్లౌజులు రెండు జతలు, లోపల పల్చటివి ఇంకో జత. మేజోళ్ళు రెండు జతలు ఒకదానిమీద ఒకటి వేయకండి. బూటు బిగిసి రక్తం ఆడక వేళ్ళు ఇంకా చల్లబడతాయి. పొడవాటి మఫ్లర్లు, చున్నీలు మనల్ని వాలుపైకి చేర్చే లిఫ్టు దగ్గర చుట్టుకుంటాయి, వాటి బదులు మెడకు తొడుక్కునే గొట్టం లాంటి బఫ్ మంచిది.

కొత్త మంచు తనమీద పడ్డ అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి మొహానికే కొడుతుంది. మబ్బు పట్టినా అంతే. నల్లద్దాలు లేకుండా ఒక్క పూట గడిపితే రాత్రికి కళ్ళలో కారం పడ్డట్టు మంట. మన గుంటూరు వాళ్ళకు అంతకంటే బాగా చెప్పలేను. పక్కలు మూసుకునే కళ్ళజోడు, గాగుల్స్ రెండూ కావాలి. సన్‌స్క్రీన్ గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచులకు కూడా రాయండి.

తిండికి ప్రత్యేకంగా ఏమీ కొనక్కర్లేదు. సున్నుండలు, నువ్వుల ఉండలు, పల్లీ చిక్కీ. చలిలో ఆకలి తెలియదు, దాహం అసలే తెలియదు. గంటకోసారి గుర్తు పెట్టుకుని తినాలి, తాగాలి. ఆవకాయ తీసుకెళ్ళండి, అభ్యంతరం లేదు, కానీ కారం ఒళ్ళు వేడెక్కిస్తుందనేది భ్రమ. చెమట పట్టించి వేడిని బయటికే పంపుతుంది. మందు సంగతీ అంతే, పైగా అది బుద్ధిని కూడా తీసుకుపోతుంది.

4. ఫోను, ఇంటి దగ్గర ఒక మనిషి

జమ్మూ కశ్మీర్, లడఖ్‌లలో బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ అయితే పనిచేస్తుంది. వెళ్ళే నెల ముందే ఒక నంబరు మార్పించుకోండి. విదేశాల్లో ఉన్న మన పిల్లలు ప్రేమతో శాటిలైట్ ఫోన్లు, ఉపగ్రహ సందేశ పరికరాలు పంపుతుంటారు. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా అవి దగ్గరుంచుకోవడం నేరం. వాటితో ఎయిర్‌పోర్టుల్లో పట్టుబడి కేసుల్లో చిక్కుకున్నవాళ్ళున్నారు.

ఫోన్ బ్యాటరీ చలికి నిమిషాల్లో పడిపోతుంది. లోపలి జేబులో ఉంచండి, పవర్‌బ్యాంకునూ అక్కడే. మ్యాపు ముందే దించుకోండి.

ఇప్పుడు అసలు పని. ఇంట్లో ఒకరిని ఎంచుకోండి. అమ్మను కాదు, కంగారు పడని మనిషిని. నాకు మా చిన్న బావమరిది. ఒక తెల్ల కాగితం మీద రోజువారీ ఎక్కడ ఉంటామో, హోటలు, డ్రైవరు, గైడు నంబర్లు, జట్టులో అందరి రక్తం గ్రూపులు, ఏ రోజు ఎన్ని గంటలకు ఫోన్ చేస్తామో రాసి ఇవ్వండి. ఆ వేళ దాటి ఎంతసేపటికి ఎవరికి ఫోన్ చేయాలో కూడా రాయండి: ముందు హోటలు, తర్వాత గైడు, ఆ తర్వాత ఆ జిల్లా విపత్తు నిర్వహణ కేంద్రం. ఆ కేంద్రం నంబరు అక్కడికి వెళ్ళాక వెతికేది కాదు, కాగితంలో ముందే ఉండాలి. కొండ దగ్గరున్నవాళ్ళకు అత్యవసర నంబరు 112.

ఇన్సూరెన్సు తీసుకుంటే స్కీయింగ్ పేరు దానిలో ఉందో లేదో చదవండి. మామూలు ప్రయాణ బీమాల్లో చాలావాటిలో సాహస క్రీడలు ఉండవు.

5. ఎత్తు

గుల్మార్గ్ ఊరు 2,650 మీటర్లు. తీగమీద నడిచే గండోలా మొదటి దశ 3,080 మీటర్ల కొంగ్‌డూరి దగ్గర దించుతుంది, రెండో దశ సుమారు 3,950 మీటర్ల దగ్గర, అఫర్వట్ కొండ మీద. ఊళ్ళో పీల్చే గాలిలో మన దగ్గర దొరికే ఆక్సిజన్‌లో నాలుగింట మూడు వంతులే ఉంటుంది, అఫర్వట్ మీద ఐదింట మూడు వంతులు. పొద్దున గన్నవరంలో విమానమెక్కి, సాయంత్రానికి గుల్మార్గ్ చేరి, మర్నాడు తొమ్మిదింటికి పైకి పోతే శరీరానికి ఏం జరుగుతోందో తెలుసుకునే వ్యవధి కూడా ఉండదు. మొదటిరోజు ఊళ్ళో నడవండి, రెండోరోజు కింది వాలులో నేర్చుకోండి. లేహ్‌కు విమానంలో వెళ్తే 3,500 మీటర్లలో నేరుగా దిగుతారు, అక్కడ రెండు రోజులు మంచం దిగకపోయినా తప్పులేదు.

ట్రెక్కింగ్‌లో 3,000 మీటర్లు దాటాక నిద్రపోయే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు అక్కడే ఆగాలి.

తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం: అప్పటికి ఇంకా పైకి వెళ్ళకూడదు, అంతే. తగ్గితే మర్నాడు వెళ్ళొచ్చు. ఊరికే కూర్చున్నా ఆయాసం, దగ్గు, నురగ కళ్ళె వస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది. మాట తడబడి, తాగినవాడిలా తూలుతుంటే మెదడు వాస్తోంది. అనుమానం ఉంటే నేల మీద గీత గీసి మడమకు బొటనవేలు ఆనిస్తూ నడిపించండి. నడవలేకపోతే ఆ రాత్రికే కిందికి దింపాలి. తెల్లారేదాకా ఆగకూడదు, ఒంటరిగా పంపకూడదు. ఆక్సిజన్ సిలిండరు దొరికినా అది దింపేదాకా సాయమే గాని, దింపడానికి బదులు కాదు. ఇలాంటప్పుడు "గ్యాసు పట్టింది, సోడా తాగితే పోతుంది" అనే మనిషి ప్రతి జట్టులోనూ ఒకరుంటారు. మా జట్టులో నేనే.

6. గదిలో కుంపటి

కొండ మీద జాగ్రత్తగా ఉండి గదిలో చనిపోయేవాళ్ళున్నారు. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో ఒక హోటలు గదిలో గ్యాసు హీటరు పెట్టుకుని తలుపులు బిగించి పడుకున్న కేరళ వాళ్ళు ఎనిమిది మంది, పిల్లలతో సహా, తెల్లారేసరికి లేరు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. బుఖారీ అనే కట్టెల పొయ్యి, బొగ్గుల కుంపటి, కాంగ్డీ అనే కశ్మీరీ నిప్పుల బుట్ట, గ్యాసు హీటరు, ఏదైనా సరే పడుకునేముందు ఆర్పేయాలి, లేదా బయట పెట్టాలి. వేడినీళ్ళ సీసా దుప్పట్లో పెట్టుకుంటే చాలు. అందరికీ ఒకేసారి తలనొప్పి వస్తే ఎత్తు అనుకోకుండా ముందు కిటికీ తెరవండి. చేతిలో పట్టే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఆన్‌లైన్లో దొరుకుతుంది, నా బ్యాగులో అది ఎప్పుడూ ఉంటుంది.

మంచులో ఆగిపోయిన కారుదీ ఇదే కథ. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని మర్రీలో మంచు తుఫానుకు రోడ్డు మీద ఇరుక్కుపోయిన కార్లలో ఇరవై మందికి పైగా చనిపోయారు. సైలెన్సరు గొట్టం మంచులో పూడుకుపోతే పొగ కారులోకే వస్తుంది. ఇంజను వేసేముందు దిగి గొట్టం చుట్టూ మంచు తవ్వండి, గంటకు పది నిమిషాలే నడపండి, గాలి వాటానికి అవతలివైపు అద్దం కాస్త దించి ఉంచండి.

7. దారి

రుషీకేశ్ నుంచి జోషీమఠ్ సుమారు 250 కిలోమీటర్లు, రోజంతా పడుతుంది. చీకటి పడితే ఎక్కడున్నా అక్కడే ఆగాలి. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగినప్పుడు ఔలీ రోప్‌వే ఆపేశారు, కాబట్టి పాత వీడియోలు చూసి ప్రయాణం అల్లుకోకుండా ఏది నడుస్తోందో అక్కడివాళ్ళను అడగండి. గుల్మార్గ్‌కు తంగ్‌మార్గ్ దాటాక మంచు రోజుల్లో టైర్లకు గొలుసులు కట్టిన బండే వెళ్తుంది. మన డ్రైవింగ్ అనుభవం ఎంతున్నా అక్కడ స్టీరింగ్ స్థానికుడికి ఇచ్చేయండి.

8. స్కీలు కట్టుకున్నాక

గుల్మార్గ్, మనాలీ, ఔలీ మూడుచోట్లా ప్రభుత్వ సంస్థల కోర్సులున్నాయి. గుల్మార్గ్‌లో భారత స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ, మనాలీలో అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ. వారం పది రోజులు పట్టే కోర్సు ఒక్క గంట పాఠం కన్నా అన్నివిధాలా నయం. కుదరకపోతే కనీసం మూడు రోజులు ఒకే శిక్షకుడి దగ్గర నేర్చుకోండి.

అద్దె సామాను దగ్గర సిగ్గుపడకండి. బూటులో మడమ పైకి లేవకూడదు, పిక్క ముందుభాగం బూటు నాలుకకు ఆనుతూ ఉండాలి, వేళ్ళు కదలాలి. వదులు బూటు సుఖంగా ఉంటుంది, కానీ కాలు ఒకవైపు తిరిగితే స్కీ ఇంకోవైపు పోతుంది. ఔలీలో ఒక దుకాణంలో "ఇదే పెద్దది సార్, చాలు" అంటే వేసుకుని నా ఎడమ మోకాలు మూడు నెలలు మంచానికిచ్చాను.

బైండింగ్ అంటే బూటును స్కీకి పట్టి ఉంచే క్లిప్పు. పడ్డప్పుడు అది విడిపోతేనే మోకాలు దక్కుతుంది. మీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, ఎంతవరకు వచ్చో చూసి దాని మీద అంకె సరిచేయాలి. దుకాణంవాడు ఇవేమీ అడగకుండా కట్టేస్తే మీరే అడిగి చేయించుకోండి. కొత్తవాళ్ళకు తక్కువ అంకె. హెల్మెట్ లేకుండా అద్దెకిచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు, హెల్మెట్ దొరకని చోట స్కీయింగ్ మానేయండి.

మొదట నేర్చుకోవాల్సింది ఆగడం. స్కీల ముందు మొనలు దగ్గరికి, వెనుక చివరలు దూరంగా తోసి నాగలిలా పెడితే వేగం తగ్గుతుంది. రెండోది పడటం. అదుపు తప్పిందనిపిస్తే పక్కకు, తుంటి మీద కూలబడండి. వెనక్కి కూర్చుని లేవబోతే మోకాలి లిగమెంటు తెగుతుంది. చేతుల్లో పట్టుకునే స్కీ కర్ర పట్టీలో బొటనవేలు చిక్కి మెలిపడటమూ మామూలే, పడేటప్పుడు కర్రలు వదిలేయండి.

వాలు మీద రూలు ఒకటి తెలిస్తే చాలు: మీ ముందు, అంటే కింద ఉన్నవాడిదే దారి. అతన్ని తప్పించుకోవాల్సింది మీరే, హారన్ కొడితే తప్పుకునే మన రోడ్ల పద్ధతి ఇక్కడ చెల్లదు. ఆగాలంటే అంచున, పైనుంచి వచ్చేవాళ్ళకు కనబడేచోట ఆగండి. సెల్ఫీలకూ అంతే. కొత్త మంచు లోతుగా ఉన్నప్పుడు దేవదారు చెట్ల మొదళ్ళ దగ్గరికి పోకండి. కొమ్మల కింద మంచు చేరక గొయ్యి ఉంటుంది, తలకిందులుగా పడితే ఒంటరిగా బయటికి రాలేరు.

మధ్యాహ్నం మూడు దాటాక "ఇదే ఆఖరు రౌండు" అని పైకి వెళ్ళకండి. తొడలు అలిసి, నీడపడ్డ మంచు గడ్డకట్టి ఉండే వేళ అది. మా జట్టులో "ఆఖరు రౌండు" అని ఎవరైనా నోరు జారితే అప్పటికే అయిపోయిందని లెక్క, టీ కొట్టుకే.

9. మంచుచరియ

కొండవాలు మీది మంచు ఒక్కసారిగా జారి మీద పడటాన్ని అవలాంచ్ అంటారు. మన పత్రికల్లో దాన్నీ హిమపాతమే అంటారు, ఊరికే మంచు కురవడాన్నీ హిమపాతమే అంటారు. ఒకే మాట కావడంతో దాని భయం మనకు పూర్తిగా అందదు. నేను మంచుచరియ అంటాను.

దూదిలా రాలేది కాదది. చలికాలమంతా పేరుకున్న పొరల్లో అడుగున ఎక్కడో ఒక పొర పంచదార పలుకుల్లా ఒకదానికొకటి అంటకుండా ఉంటుంది. దానిమీద గాలి తోసిన మంచు పలకలా గట్టిపడుతుంది. మనిషి బరువు పడగానే అడుగు కూలి పలక మొత్తం ఒక్కసారే కదులుతుంది. ప్రాణం పోయిన ఘటనల్లో పదింట తొమ్మిదిసార్లు దాన్ని కదిలించింది చిక్కుకున్నవాళ్ళో, వాళ్ళ జట్టువాళ్ళో. అందులోనే ఆశ కూడా ఉంది, ఎందుకంటే ఎక్కడ అడుగు పెట్టాలో మన చేతిలో పని.

2023 ఫిబ్రవరి 1న అఫర్వట్ మీద ఇద్దరు పోలెండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరి 22న ఖిలన్‌మార్గ్ వైపు ఒక రష్యన్ స్కీయరు పోయారు. మంచులో పెరిగిన దేశాలవాళ్ళు. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా డాండా శిఖరం మీద ఉత్తరకాశీ నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణ బృందంలో పాతిక మందికి పైగా బలయ్యారు. 2025 ఫిబ్రవరి 28న బద్రీనాథ్ దగ్గర మాణాలో రోడ్డు పనివాళ్ళ క్యాంపు మీదే పడింది. 54 మంది చిక్కుకుంటే ఎనిమిది మంది చనిపోయారు.

ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల వాలు. మనింటి మెట్లు ఎంత ఏటవాలుగా ఉంటాయో దాదాపు అక్కడ మొదలన్నమాట. స్కీయింగ్‌కు సరదాగా అనిపించే వాలూ సరిగ్గా అదే, చిక్కంతా అక్కడే. ఫోన్‌లో వాలు కొలిచే యాప్ ఉంటుంది, కర్ర మంచు మీద పడుకోబెట్టి దానిమీద ఫోన్ పెట్టి చూడండి. మీరు నిలబడ్డ చోటు చదునుగా ఉన్నా పైన వాలు ఉంటే అది మీ మీదికే వస్తుంది.

పొద్దున్నే చూడాల్సినవి: గత రెండు రోజుల్లో బాగా మంచు పడిందా, శిఖరం మీదనుంచి మంచు పొగలా లేస్తోందా, ఉన్నట్టుండి ఎండ కాసిందా. పక్క వాలుల్లో తాజాగా జారిన ఆనవాళ్ళుంటే ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు. అడుగు వేస్తే కింద "ధుమ్" మని చప్పుడై నేల కుంగినట్టుందా, స్కీ ముందు గీతలా పగులు పాకిందా, వచ్చిన దారినే వెనక్కి తిరగండి.

రక్షణ శాఖ పరిశోధన సంస్థ డీజీఆర్ఈ చలికాలంలో హెచ్చరికలు ఇస్తుంది, వాటిని రాష్ట్ర విపత్తు సంస్థలు ప్రకటిస్తాయి. ప్రమాదాన్ని 1 నుంచి 5 దాకా మెట్లుగా చెప్పడం ప్రపంచంలో వాడుక. మధ్యలో ఉంది కదా అని 3ను తేలిగ్గా తీసుకోకండి. యూరప్ కొండల్లో ఎక్కువమంది పోయేది 3 ఉన్న రోజుల్లోనే. 5 ఉన్నప్పుడు ఎవరూ బయటికి రారు మరి.

గుల్మార్గ్‌లో స్కీ పెట్రోల్ అనే కాపలా బృందం చూసుకునే వాలు వేరు, దానికి హద్దుగా కట్టిన తాడు అవతలి వాలు వేరు. రెండింట్లోనూ మంచు ఒకేలా మెరుస్తుంది. కొత్తవాళ్ళు తాడు దాటడం అనే ప్రశ్నే లేదు. అనుభవం ఉండి దాటేవాళ్ళు స్థానిక గైడుతో వెళ్ళాలి. ప్రతి ఒక్కరి ఒంటి మీద 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేసే ట్రాన్స్‌సీవర్ (మంచులో పూడుకుపోయినవాళ్ళను వెతకడానికి సిగ్నల్ పంపే, అందుకునే పరికరం), వీపున మంచులో గుచ్చి చూసే మడత ప్రోబ్ కర్ర, పార ఉండాలి. ఈ మూడింటిలో ఒకటి లేకపోతే మిగతా రెండూ దండగ. ట్రాన్స్‌సీవర్‌కు ఫోన్‌ను 20 సెంటీమీటర్ల దూరంలో, వెతికేటప్పుడైతే 50 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి, లేకపోతే సిగ్నల్ చెదిరిపోతుంది. ప్రమాదకరమైన వాలును ఒకరి తర్వాత ఒకరు దాటాలి, మిగతావాళ్ళు భద్రమైన చోట నిలబడి అతన్నే చూస్తుండాలి.

చిక్కుకుంటే గట్టిగా అరవండి, పక్క అంచువైపు దూసుకుపోవడానికి చూడండి, కర్రలు వదిలేయండి. పడిపోతే పైన తేలడానికి పెనుగులాడండి. వేగం తగ్గుతోందనగా చేతులు మొహానికి అడ్డం పెట్టి ఊపిరికి జాగా చేసుకోవాలి. ఆగాక మంచు సిమెంటులా బిగుస్తుంది, వేలు కూడా కదపలేరు.

పైన మిగిలినవాళ్ళకు పది నిమిషాలే ఉంది. ఆలోపు తీస్తే పదిమందిలో తొమ్మిది మంది బతుకుతారు, అరగంట దాటితే ముగ్గురే. ఫోన్ చేయడానికి ఒకరు చాలు, మిగతావాళ్ళు పనిలోకి దిగాలి. మనిషి చివరిసారి కనబడ్డ చోటు గుర్తు పెట్టుకుని, ఇంకేదీ పైనుంచి రావడం లేదని చూసుకుని, అందరి ట్రాన్స్‌సీవర్లూ వెతికే మీటకు మార్చి కిందివైపు వెతకాలి. సిగ్నల్ బలంగా ఉన్నచోట ప్రోబ్ గుచ్చుతూ చుట్టూ తిరగాలి. తగిలితే ప్రోబ్ తీయకుండా, దానికి కాస్త కిందివైపు నుంచి అడ్డంగా తవ్వుకుంటూ పోవాలి. ముందు నోరూ ముక్కూ శుభ్రం చేయండి. ఇది చదివితే వచ్చే విద్య కాదు, ఎవరినైనా ఒక బ్యాగు పాతిపెట్టమని మీరు వెతికి చూడండి. మాకు మొదటిసారి ఇరవై రెండు నిమిషాలు పట్టింది. ఆ రోజు కొండ ఎక్కలేదు.

10. చలి కొట్టినప్పుడు

మైనస్ 10 డిగ్రీల్లో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 20లా ఉంటుంది. ముక్కు, చెవులు, వేళ్ళు తెల్లబడి తిమ్మిరెక్కితే మంచు కొరుకుడు మొదలైంది. మంచుతో రుద్దకండి, మంట మీద కాచకండి. వేళ్ళు చంకలో పెట్టుకోండి. గట్టిపడిపోయి ఉంటే, మళ్ళీ గడ్డకట్టే ప్రమాదం లేని చోటికి చేరాకే 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీళ్ళలో ఉంచాలి, వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

జట్టులో ఎవరైనా మాట నములుతున్నా, జిప్పు పెట్టుకోలేకపోతున్నా, విసుగ్గా వెనకపడుతున్నా ఒంటి వేడి పడిపోతోంది. తడిబట్టలు తీసేసి పొడివి వేసి, కింద పరుపేసి, మింగగలిగితే తియ్యటి వేడి పానీయం ఇవ్వండి. వణుకు ఆగిపోతే తగ్గిందనుకోకండి, ముదిరింది. అప్పుడు చేతులు కాళ్ళు మర్దన చేయకుండా కదలనివ్వకుండా సాయం పిలవాలి.

దారి తప్పితే తిరగడం ఆపండి. ఈల నిమిషానికి ఆరుసార్లు, నిమిషం ఆగి మళ్ళీ ఆరుసార్లు. మూడుసార్లు ఈల వినబడితే మీ మాట చేరినట్టు. హెలికాప్టరు వస్తే రెండు చేతులూ పైకెత్తి నిలబడండి, ఒక్క చేయి మాత్రమే పైకెత్తితే సాయం అక్కర్లేదని అర్థం.

11. ఇంటికొచ్చాక

మోకాలు మెలిపడ్డ రోజే వాచి ఉంటే, రైల్లో కూర్చున్నా తగ్గకపోతే, పసరు కట్టు కట్టించుకోకుండా ఎముకల డాక్టరుకు చూపించండి. వేళ్ళ తిమ్మిరి వారం దాటినా అంతే. జాకెట్లు మన తేమకు బూజు పడతాయి, పూర్తిగా ఆరబెట్టాకే సంచిలో పెట్టండి. ట్రాన్స్‌సీవర్ బ్యాటరీలు తీసి విడిగా ఉంచండి. ఇంట్లో ఇచ్చిన కాగితం చింపకండి, వెళ్ళిరాగానే దానిమీద ఏ ఫోను కలవలేదో, ఏ డ్రైవరు ఆగుదామన్నాడో రాసుకోండి. మా డ్రైవరు నంబరు నా దగ్గర అలా మిగిలిందే. ఇప్పుడు ఆయన పొద్దున చూద్దామంటే పొద్దునే చూస్తాం.